విషం పెట్టినవాడూ వేటగాడే

(మండల రైతు సంఘం వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన మాటలనే కొద్దిగా సవరించి ఇస్తున్నాం.)



ఎజెండా కాగితంలో ఏడో అంశం చూసి చాలామంది నవ్వుకున్నారని తెలుసు. ధాన్యం డబ్బులు, కాలవ చివరి భూములకు నీళ్ళు, కౌలు కార్డులు, వీటి మధ్యలో "గద్దలు, గూబలు" అని రాసి ఉంటే నవ్వు రాక ఏమొస్తుంది? ఇందాక టీ దగ్గర ఒక పెద్దాయన అడిగేశారు కూడా, "ఏవయ్యా, రైతు సంఘం పోయి పిట్టల సంఘం అయిందా?" అని. ఆయన మూడో వరసలోనే కూర్చున్నారు. ఆయనకి చెప్పాల్సిన జవాబే ఇప్పుడు చెప్పబోయేదంతా.

ముందు మా ఊళ్ళో జరిగింది చెబుతాం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా మన మధ్యే మాట్లాడుకోకపోతే ఇంకెక్కడ మాట్లాడతాం?

కిందటేడు వరి కోతలయ్యాక, సంక్రాంతికి ముందు, మా ఊళ్ళో ఒక రైతు మేకను కుక్కలు చంపాయి. ఊరి మీద పడి తిరిగే కుక్కలు. అంతకుముందు నెలరోజుల నుంచి గద్ద వాళ్ళ కోడిపిల్లల్ని ఎత్తుకుపోతోంది. మనిషి విసిగిపోయి ఉన్నాడు. ఆ మేక కళేబరాన్ని కోసి, ఇంట్లో మిగిలిన గుళికల మందు దట్టించి, చెరువు గట్టు అవతల పడేశాడు. కుక్కలు చావాలి, గద్ద చస్తే ఇంకా మంచిదే అని ఆయన లెక్క.

తెల్లారేసరికి నాలుగు కుక్కలు, తొమ్మిది గద్దలు, లెక్కపెట్టని కాకులు. ఒక గద్ద ఇంకా చావలేదు. రెక్కలు నేలకి కొట్టుకుంటూ బోర్లా పడి ఉంది. ముందుగా చూసింది గట్టు మీద ఎలుకల బుట్టలు తీయడానికి వెళ్ళిన యానాది కుర్రాడు. వాడొచ్చి చెబితే మేం ఐదుగురం వెళ్ళాం. ఐదుగురం సంఘం కమిటీ వాళ్ళమే. పార తెప్పించి, గొయ్యి తీసి, అన్నిటినీ పూడ్చేశాం. మందు పెట్టినాయన మన సభ్యుడు, మంచివాడు, సంఘానికి ఎప్పుడు పిలిచినా వచ్చేవాడు. "జరిగిందేదో జరిగింది, బయటకి పొక్కనివ్వకండి" అనుకుని ఇళ్ళకి వచ్చేశాం. ఆ రోజు మధ్యాహ్నం గొర్రెల కాపరి పెంచుకుంటున్న కుక్క కూడా ఎక్కడో ముక్క దొరికి తిని చచ్చిపోయింది. దానికీ ఎవరం నోరు విప్పలేదు.

బయటకి పొక్కింది. వారం తర్వాత అధికారులు వచ్చారు. ఎవరిని అడిగారనుకున్నారు? మెళ్ళో ఉండేలు వేసుకుని తిరిగే ఆ కుర్రాడినే. "పిట్టల్ని కొట్టేది నువ్వే కదా" అని జీపెక్కించుకుపోయి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ఆ జీపు మా అరుగుల ముందు నుంచే వెళ్ళింది. మేం చూశాం. ఐదుగురిలో ఒక్కళ్ళం లేచి "వాడు కాదండీ" అనలేదు. సాయంత్రానికి వాళ్ళే వదిలేశారు తప్ప, మేం వెళ్ళి చెప్పినందుకు కాదు.

అందుకని ఏడో అంశం పెట్టాం.

చట్టం ఏం చెబుతోందో ఆ తర్వాత కూర్చుని చదివించుకున్నాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. అందులో "వేట" అనే మాటకి ఇచ్చిన అర్థం చూస్తే ఆశ్చర్యపోతారు. తుపాకితో కాల్చడం ఒక్కటే వేట కాదు. చంపడం, విషం పెట్టడం, వల వేయడం, ఉచ్చు పన్నడం, ఎర వేయడం అన్నీ వేటే. ప్రయత్నం చేసి తప్పిపోయినా వేటే. పక్షి గుడ్లు పాడుచేసినా, గూడు కదిపినా వేటే. గద్దలు, డేగలు, గూబలు, రాబందులు అన్నీ ఈ చట్టం నీడలో ఉన్నాయి. రాబందు లాంటివి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. 2022లో చట్టాన్ని సవరించాక వాటిని చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, 25 వేలకు తగ్గని జరిమానా.

మనం ఎప్పుడూ వేటగాడంటే వేరే ఎవరో అనుకుంటాం. భుజాన వల వేసుకుని ఊరి బయట నుంచి వచ్చేవాడు, లేదా సినిమాలో మాదిరి జీపులో తుపాకితో వచ్చేవాడు. చట్టం లెక్కన చూస్తే ఆ రోజు మా ఊళ్ళో వేటగాడు పాస్‌బుక్ ఉన్న రైతు. గొయ్యి తీసిన మేం ఐదుగురం ఆ వేటగాడికి సాయం చేసినవాళ్ళం. ఉండేలు పట్టుకున్న కుర్రాడు ఒక్కడే ఏ పాపం ఎరగనివాడు.

మా నాన్నల తరంలో ఊరికి రెండు మూడు తుపాకులు ఉండేవి. కొంగల కోసం, బాతుల కోసం చెరువు మీదికి వెళ్ళేవాళ్ళు. అది తప్పా ఒప్పా అనేది పక్కన పెడదాం, ఇప్పుడు అదీ నేరమే. కానీ తుపాకి పట్టినవాడికి ఎదురుగా ఉన్నదేమిటో కనిపిస్తుంది. ఏ పిట్టని కొట్టాలో, దేన్ని వదలాలో తెలిసి కొడతాడు. గద్దని గరుత్మంతుడని కొట్టేవాళ్ళు కాదు, చూస్తే దణ్ణం పెట్టుకునేవాళ్ళు. మనం వాడే విషానికి కళ్ళు లేవు. మేకని చంపిన కుక్క, చంపని కుక్క, కోడిపిల్లని ఎత్తుకెళ్ళిన గద్ద, జన్మలో కోడిపిల్లని ముట్టని గద్ద, దానికి అన్నీ ఒకటే. పాత వేటగాడికున్న కట్టుబాటు కూడా మనకి లేకుండా పోయింది.

ఇక పెద్దాయన అడిగినదానికి వద్దాం. వీటితో రైతుకేం పని?

కోతల ముందు చేలో నిలబడి పైకి చూడండి. చిన్న గద్ద ఒకటుంటుంది. ఒళ్ళు తెల్లగా, బూడిద రంగుగా, భుజాల మీద నల్ల మచ్చ, ఎర్ర కళ్ళు. గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి కిందికి చూస్తుంది. అది చూసేది కోడిపిల్ల కోసం కాదు, ఎలుక కోసం. పగలు దాని కాపలా, రాత్రి గూబ కాపలా. పాత గుళ్ళోనో, మూతపడిన రైస్ మిల్లులోనో, తల విరిగిన తాటి మొద్దులోనో ఉంటుందే తెల్ల మొహం గూబ, అది చిమ్మచీకట్లో కూడా చెవులతో విని ఎలుకని పట్టగలదు. ఎలుక పిలకలు కొరికేస్తే ఎంత పోతుందో, కంకులు కన్నంలోకి లాక్కుపోతే ఎంత పోతుందో మనకి ఎవరూ లెక్క చెప్పనక్కర్లేదు. యానాదులు కన్నం తవ్వినప్పుడు బయటపడే వడ్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ పని చేసినందుకు వాళ్ళకి ఎలుకకి ఇంత అని ఇస్తాం. గద్దకీ గూబకీ ఏమిస్తున్నాం?

ఆ తొమ్మిది గద్దలు పోయినందుకే తర్వాత మినుము చేలల్లో ఎలుకలు పెరిగాయని మేం చెప్పం. అది మేం లెక్కగట్టలేదు. గద్దలూ గూబలూ ఉంటే ఇక ఎలుకల మందే అక్కర్లేదని కూడా చెప్పం. అలా చెప్పేవాడు ఎప్పుడూ వరి వేసి ఉండడు. కానీ జీతం అడగని కూలివాణ్ణి మన చేత్తో మనమే చంపుకోవడం ఏం తెలివి?

మలేషియాలో పామాయిల్ తోటల్లో ఎలుకల బాధ పడలేక గూబల కోసం చెక్క పెట్టెలు కట్టారు. మన తెలుగువాళ్ళు ఒకప్పుడు కూలికి ఓడెక్కి వెళ్ళిన తోటల దేశమే అది. స్తంభం పాతి, దాని మీద పెట్టె పెడితే గూబ వచ్చి పిల్లల్ని పెడుతుంది. ఏలూరు వైపు పామాయిల్ వేసిన మన సభ్యులు ఇది ఆలోచించాలి. పెట్టెకి కావలసింది నాలుగు చెక్కలు, ఒక పూట వడ్రంగి పని. కానీ ఆ తోటలోనే ఎలుకల మందు అడ్డదిడ్డంగా చల్లితే గూబకి పెట్టె కట్టి సమాధి కట్టినట్టే. బ్రోమోడయోలిన్ తిన్న ఎలుక వెంటనే చావదు. మూడు నాలుగు రోజులు మత్తుగా, నెమ్మదిగా తిరుగుతుంది. గూబకి సులువుగా దొరికేది ఆ ఎలుకే. దాని ఒంట్లోని విషం గూబ ఒంట్లోకి వెళ్ళి పేరుకుంటుంది.

మందు పెట్టక తప్పనప్పుడు ఎలా పెట్టాలో శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు. పొట్లం కట్టి ఎలుక తిరిగే కన్నం లోపల పెట్టాలి. గట్టు మీద వెదజల్లడం కాదు. ముందు రోజు కన్నాలన్నీ మట్టితో మూసి, మర్నాడు తెరుచుకున్న వాటిలోనే పెట్టాలి. ఊరంతా ఒకే రోజు పెట్టాలి, లేకపోతే నా చేలో ఎలుక నీ చేలోకి వస్తుంది, నీ చేలోది నా చేలోకి వస్తుంది. చచ్చిన ఎలుకల్ని ఏరి పూడ్చాలి. ఈ చివరి పని మనలో ఎంతమంది చేస్తున్నాం? చేతులెత్తమంటే ఈ హాల్లో ఎన్ని లేస్తాయో మాకు తెలుసు, అందుకే అడగడం లేదు.

ఇప్పుడు చాలా దూరంలో ఉన్న ఒక ఊరి సంగతి చెప్పాలి. నాగాలాండ్‌లో వోఖా జిల్లా, పాంగ్టీ అనే ఊరు. లోథా నాగాల ఊరు. ఆ ఊరి కథ వింటుంటే మన పోలవరం, శ్రీశైలం నిర్వాసితులు గుర్తొస్తారు. అక్కడ దోయాంగ్ నది మీద జలవిద్యుత్ ఆనకట్ట కట్టారు. 2000లో కరెంటు మొదలైంది. ఊరికి అన్నం పెట్టే పల్లపు భూములు నీళ్ళలో మునిగాయి. సేద్యం పోయినవాళ్ళు ఆ నీళ్ళలోనే చేపలు పట్టుకోవడం మొదలుపెట్టారు.

ఆ రిజర్వాయరు ఒడ్డు చెట్ల మీదికి ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో లక్షలాదిగా చిన్న డేగలు వచ్చి వాలతాయి. అముర్ డేగ అంటారు. పట్టుమని 150 గ్రాములు ఉండదు. సైబీరియా, ఉత్తర చైనా వైపు పిల్లల్ని పెట్టి, చలికాలానికి దక్షిణ ఆఫ్రికా దాకా వెళ్తుంది. దారిలో నాగాలాండ్‌లో ఆగి, నేలలోంచి లేచే ఉసిళ్ళు తిని బలం పుంజుకుంటుంది. చేపల వలలు ఇంట్లో ఉన్నాయి, ఎదురుగా చెట్ల నిండా పిట్టలున్నాయి. ఆ వలలే చెట్ల మధ్య ఎత్తుగా కట్టారు. పట్టి, ఈకలు పీకి, పొగబెట్టి, కట్టలు కట్టి అమ్మారు. 2012లో కొందరు ప్రకృతి ప్రేమికులు అక్కడికి వెళ్ళి వీడియో తీసి లోకానికి చూపించారు. రోజుకి 12 వేల నుంచి 14 వేల పక్షులు చస్తున్నాయని వాళ్ళ అంచనా. దేశం అట్టుడికింది.

మరుసటి ఏడు, 2013లో, పాంగ్టీలో వల లేవలేదు. ఒక్క ఏడాది తేడా. మనకి ఊళ్ళో ఒక బోరు తగువు తీరడానికే మూడేళ్ళు పడుతుంది.

అది పోలీసుల వల్ల జరగలేదు. అంత అడవిలో, అన్ని చెట్ల మీద ఎవరు కాపలా కాస్తారు? ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు, చర్చి పెద్దలు అందరూ పనిచేశారు, నిజమే. కానీ గ్రామసభ కూర్చుని వల వేయకూడదని తీర్మానం చేసింది. పక్షులు వాలే భూముల హక్కుదార్లు, అంతకుముందు ఏడు దాకా వలలు కట్టినవాళ్ళే, కలిసి యూనియన్ పెట్టుకున్నారు. అవును, యూనియన్ అనే పేరు పెట్టుకున్నారు. ఏ చెట్టు మీద ఎప్పుడు వాలుతాయో, ఏ మలుపులో వల కడతారో, ఎవరింట్లో వల ఉందో వాళ్ళకి తెలిసినట్టు ఏ అధికారికీ తెలియదు. నిన్న పట్టినవాడే ఇవాళ కాపలావాడయ్యాడు. వేట మీద వచ్చే డబ్బు ఆ ఇళ్ళకి చిన్నదేమీ కాదు. పిల్లల ఫీజులు దాంతో కట్టుకున్నవాళ్ళు ఉన్నారు. దానికి సరిపడా ఆదాయం మర్నాడే ఎక్కడినుంచో ఊడిపడలేదు. అయినా మాట మీద నిలబడ్డారు.

ఆ ఏడాదే మూడు డేగలకి వీపు మీద చిన్న యంత్రాలు కట్టి వదిలారు. వాటికి నాగా, వోఖా, పాంగ్టీ అని పేర్లు పెట్టారు. అవి దక్కన్ మీదుగా వచ్చి, అరేబియా సముద్రం ఆగకుండా దాటి ఆఫ్రికా చేరాయి. అముర్ డేగలు మన తెలుగు నేల మీదుగా కూడా వెళ్తాయి. అంటే ఎక్కడో నాగాలాండ్‌లో భూమి పోగొట్టుకున్న ఒక కుటుంబం వదిలిపెట్టిన పిట్ట మన వరిచేల మీదుగా ఎగిరి వెళ్తోంది. ఇక్కడ మనం మేక కళేబరంలో మందు పెట్టి కూర్చున్నాం.

పాంగ్టీ వాళ్ళని పొగడటానికి ఇది చెప్పలేదు. చంపుతున్నది ఎవరో తెలిసినవాళ్ళే ఆపగలరు. తెలిసినవాళ్ళు ఎవరు? చంపేవాడు, వాడి పక్కనున్నవాడు. ఊళ్ళో కౌజుల కోసం వల ఎవరు కడతారో మనకి తెలుసు. దీపావళి అమావాస్య దగ్గరపడుతుంటే గూబలు కావాలని ఎవరు బేరానికి వస్తారో, ఎవరు పట్టి ఇస్తారో తెలుసు. గోళ్ళని, ఈకల్ని, తలని పూజలకని కొనేది కారులో వచ్చేవాడు. కేసు పడితే పడేది పట్టి ఇచ్చిన పేదవాడి మీద. పేదవాడికి వెయ్యి రూపాయలు అవసరం. కారువాడి అవసరం ఏమిటో మాకైతే అర్థం కాదు. లక్ష్మీదేవి పూజకి లక్ష్మీదేవి వాహనాన్ని చంపుతారట!

తెలంగాణలో అడవి పందుల్ని కాల్చడానికి జాబితాలో ఉన్న షూటర్లకి అనుమతి ఇస్తున్నారు. మన వైపూ అలాంటి ఏర్పాటు కావాలని అడుగుతున్నాం, అడుగుతూనే ఉంటాం. అలా వచ్చే షూటర్లకి మనం ఒక మాట చెప్పాలి. అనుమతి పందికి మాత్రమే. రాత్రంతా చేల మీద తిరిగేది మీరే కాబట్టి ఎవరు ఏ ఉచ్చు పెట్టారో, ఎక్కడ విషం ఎర ఉందో మీ కంటే ముందు పడుతుంది. అనుమతి కాగితం జేబులో ఉన్నవాడు దొంగ వేట చూసి ఊరుకుంటే ఆ కాగితానికి విలువేముంది? చూసింది చెప్పాలి. ఆ మాట వాళ్ళతో ఒప్పించే పిలుద్దాం.

రాబందుల సంగతి కూడా చెప్పక తప్పదు. మనలో యాభై దాటినవాళ్ళకి గుర్తుండాలి, ఊరి బయట గొడ్డు చస్తే గంటలో రాబందులు దిగేవి. 1990ల నుంచి మొదలై పదిహేనేళ్ళలో నూటికి 99 పోయాయి. ఎవరు వేటాడారు? ఎవరూ వేటాడలేదు. ఒళ్ళు నొప్పులకి పశువులకి వేసే డైక్లోఫెనాక్ సూది చంపింది. ఆ సూది వేసిన గొడ్డు చచ్చి, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చచ్చింది. 2004లో శాస్త్రవేత్తలు తేల్చారు, 2006లో పశువులకి వాడకుండా నిషేధించారు. ఆ తర్వాత కూడా మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు తెచ్చి గేదెలకి వేయించుకున్నాం. అందుకే 2015లో 3 మిల్లీలీటర్లకి మించిన సీసా ఉండకూడదన్నారు. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకి నిషేధించారు. మెలోక్సికామ్ ఉంది, రాబందుకి హాని లేదు, గేదెకీ పనిచేస్తుంది.

రాబందులు పోయాక కళేబరాలు కుక్కల పాలయ్యాయి, కుక్కలు పెరిగాయి, పిచ్చికుక్క కాట్లు పెరిగాయి. రాబందులు పోయినందువల్ల 2000 నుంచి 2005 లోపు దేశంలో 5 లక్షల మంది అదనంగా చనిపోయారని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో లెక్కగట్టారు. మా ఊళ్ళో మేకని చంపిన కుక్కలు ఎక్కడినుంచి వచ్చాయో ఒకసారి ఆలోచించండి. మందు పెట్టినాయనకి ఈ మాట చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్ళు కనిపించాయి. చుట్టుపక్కల పల్లెల్లో గేదెకి ఏ సూది వేస్తారో దాని మీదే అలాంటి చోట్ల వాటి బతుకు ఆధారపడి ఉంటుంది. అక్కడ అటవీశాఖ ఏం చేసినా, దుకాణంలో "ఈ మందు వద్దు, ఆ మందివ్వు" అనే రైతు లేకపోతే గుట్ట మళ్ళీ ఖాళీ అవుతుంది.

అయితే కొందరు సభ్యులు కమిటీలో గట్టిగానే వాదించారు. వాళ్ళ మాట కూడా న్యాయంగా చెప్పాలి. "గిట్టుబాటు ధర లేక రైతు చస్తుంటే ఎవరూ చట్టం తేలేదు, గద్దకి మాత్రం ఏడేళ్ళ జైలా?" అన్నారు. అడవి పంది చేను తొక్కితే వచ్చే పరిహారం కోసం చెప్పులరిగేలా తిరిగినవాళ్ళు ఈ మాట అంటే మనం తప్పు పట్టలేం. ఆ మేక రైతుకి ఆ మేక మీద పైసా రాలేదు. కోడిపిల్లలకి అసలు లెక్కే లేదు. పంటని నాశనం చేసే జంతువుని చంపడానికి చట్టంలోనే 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి ఇచ్చే దారి ఉంది, కానీ ఆ దారి ఎంత పొడుగో వెళ్ళినవాడికే తెలుసు. ఇదంతా నిజం. దీని మీద పోరాటం ఆగదు.

కానీ మేక పరిహారం ఇవ్వని ప్రభుత్వం మీద కోపం గద్ద మీద తీర్చుకుంటే ప్రభుత్వానికి ఏమైనా నష్టమా? పైగా రేపు కలెక్టర్ దగ్గరికి పంటనష్టం కాగితం పట్టుకెళ్తే, "మీ ఊళ్ళో విషం పెట్టారట కదా" అని ఒక్క మాటతో నోరు మూయిస్తారు. మాకు అదే జరిగింది. పిట్టలకి పెట్టిన మందు మన డిమాండుకి కూడా తగిలింది.

అందుకని కమిటీ ఒక తీర్మానం రాసింది. చదవను, సారాంశం చెప్పేస్తాం. కళేబరంలో గానీ ఎరలో గానీ మందు పెట్టిన సభ్యుడి వెనక సంఘం నిలబడదు. పెట్టినవాడే వచ్చి ఒప్పుకుంటే వకీలుని చూడటం, కుటుంబానికి తోడుండటం చేస్తాం గానీ, గొయ్యి తీసి దాచడం ఇక జరగదు. చేయనివాడి మీద నేరం పడితే, వాడు సభ్యుడు కాకపోయినా, కూలివాడైనా యానాదైనా, కమిటీ అదే రోజు స్టేషనుకి వెళ్ళి నిజం చెబుతుంది. కోళ్ళు, మేకలు పోయినవాళ్ళకి సంఘం నిధి నుంచి కొంతైనా ఇవ్వాలి. ఎంతో మీరే చెప్పండి, ఖజానాలో ఉన్నది తక్కువే. కోడిపిల్లల మీద వల కప్పుకుంటే గద్దకి అందవు. పాత చేపల వలలు ఉన్నవాళ్ళు పడేయకుండా అవి లేనివాళ్ళకి ఇవ్వండి.

చచ్చిన పక్షులు ఒకే చోట రెండు మూడు కనిపిస్తే ఉత్త చేత్తో ముట్టుకోకండి, గుళికల మందు చర్మం లోంచి కూడా ఎక్కుతుంది. పిల్లల్ని, కుక్కల్ని అటు వెళ్ళనివ్వకండి. ఫోటో తీసి, పశువుల డాక్టరుకీ అటవీశాఖ వాళ్ళకీ కబురు పెట్టండి. కబురు పెట్టేటప్పుడు ఒక్కరే పెట్టకండి, కమిటీ నుంచి ఇద్దరిని తీసుకెళ్ళండి. కబురు చెప్పినవాడినే ముద్దాయిని చేసే అలవాటు ఎంతుందో మనం చూశాం కదా.

ఆ యానాది కుర్రాడి ఇంటికి పోయిన నెలలో ఐదుగురం వెళ్ళాం. ఏం చెప్పాలో తెలియలేదు. వాళ్ళమ్మ మంచం వేసి కూర్చోమంది. "ఆరోజు మీరు చూశారంట గదండీ" అంది, అంతే. మేం చూశామనే చెప్పాం. కుర్రాడు ఈ సభకి రానన్నాడు. ఎలుకల బుట్టలు మాత్రం మళ్ళీ మా చేలల్లో పెడుతున్నాడు.

మందు పెట్టినాయన ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెప్పొద్దని మేం అనుకున్నాం, ఆయనే చెప్పుకుంటానన్నాడు. తీర్మానాన్ని బలపరచడానికి తానే లేస్తానని నిన్న రాత్రి ఫోన్ చేశాడు. తెల్లారాక మనసు మారినా తప్పు పట్టం, అప్పుడు మా ఐదుగురిలో ఒకరం లేస్తాం. మైకు ఆయన వైపు ఇవ్వండి. ఆ తర్వాత ఎనిమిదో అంశం, కౌలు కార్డులు.